చిక్కబడని సిమెంటు పాలు

ల్యాబు, ట్రాన్స్-అమాడి,
పోర్ట్ హార్కోర్ట్,
మార్చి 1984, సోమవారం

సహ శ్రామికుడు, సిమెంటు మేస్త్రి డగోగో గారికి,

ఉద్యమాభివందనాలు. "అయ్యా" అని మొదలుపెట్టనందుకు నొచ్చుకోకండి. మోటారు పార్కులో బస్సుల మధ్య కొన్న కరపత్రాల్లో పదకొండోది చదివినప్పటి నుంచి నేను ఎవరినీ అయ్యా అనడం మానేశాను. "గారు" మాత్రం మానలేకపోయాను. మా అమ్మ ఊరుకోదు.

నా పేరు కారిబో. ఈ ల్యాబులో కొత్తగా చేరాను. ఈస్టరు వరకు నా పని చూస్తారట, ఆ తర్వాత ఉంచుతారో ఊడబెరుకుతారో తెలియదు. పాత పెద్దాయన వెళ్ళిపోయాక ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఏ దొర తొత్తు వచ్చి కూర్చుంటాడో గాని, కూర్చున్న రోజే వాడితో నాకు యుద్ధం.

ఇక పని సంగతి. మీ రిగ్గు మీద చమురు బావిలోకి గొట్టం దింపి, దాని చుట్టూ సిమెంటు పాలు ఎక్కించబోతున్నారని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ పాలు ఎంతసేపటికి చిక్కబడతాయో చూసి మీకు చీటీ ఇవ్వడం నా బాధ్యత. తొందరపడి చిక్కబడితే గొట్టంలోనే రాయైపోతాయి, బావి పోతుంది. అసలు చిక్కబడకపోతే గొట్టాన్ని పట్టుకునేవాడు ఉండడు, అప్పుడూ బావి పోతుంది. ఇదంతా మీకు తెలుసు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే పాత పెద్దాయన మీ రిగ్గు నమూనాల మూత కూడా తీయకుండా చీటీ మీద సంతకం గీకేసేవాడని ఆంటీ ఇబిసో చెప్పింది. ఆవిడ ఇక్కడ గిన్నెలు కడుగుతుంది, ఎవరు ఏ పాపం చేశారో అంతా గుర్తుపెట్టుకుంటుంది. నా దగ్గర ఆ పప్పులు ఉడకవు. పరీక్ష చేయనిదే సంతకం చేయను.

లాంచీ నడిపే జంబో చేత ఒక రేకు డబ్బా, ఒక నీళ్ల క్యాను పంపుతున్నాను. డబ్బాలో మీరు వాడబోయే సిమెంటు, క్యానులో మీరు కలపబోయే నీళ్లు నింపి పంపండి. వేరే నీళ్లు కుదరవు. ల్యాబులో పగలకుండా మిగిలిన క్యాను ఇదొక్కటే, భద్రం.

శ్రమ వర్ధిల్లాలని కోరే,
కారిబో

తా.క.: ఒకరి ఇంటికి పంపే పాత్ర ఖాళీగా పంపకూడదని మా అమ్మ పెంపకం. క్యాను మూతి ఇరుకు గనక, మీ టీలోకి పనికొచ్చేవి ఒక్కొక్కటే లోపలికి జారవిడిచాను. బోర్లించి వీపు మీద రెండు తట్లు తట్టండి, రాలిపోతాయి. ఏ పెట్టుబడిదారుడూ మీకు ఇలాంటివి ఇచ్చి ఉండడు.

*

రిగ్గు, అబొన్నెమా దిగువ కాలువ,
బుధవారం

చిరంజీవి కారిబోకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. క్యాను కూడా అందింది, బాగా పనికొచ్చింది. అడిగినవి నింపించి జంబోకి ఇచ్చాను.

నన్ను సహ శ్రామికుడు అన్నావు. అను. ఇక్కడ నన్ను ఇంతకన్నా ఘోరంగా పిలిచేవాళ్లు ఉన్నారు. మా వంటవాడు ఎఫియొంగ్ కాలబార్ మనిషి, ఎవరికీ తల వంచడు. పొద్దున్నే నన్ను చూసి, "ఏం సిమెంటు ముసలోడా, చేతులు కడుక్కున్నావా, లేక నా రొట్టెకి కూడా పూత పూస్తావా?" అంటాడు. అదే మాకు శుభోదయం.

నీకు ఒక్క విషయం చెప్పాలి. రిగ్గు మీద నాకు ఇది ఆఖరి బావి. మోకాళ్లు ఇక నిచ్చెన ఎక్కనంటున్నాయి. ఇన్నేళ్లలో నా చేతి సిమెంటు ఒక్కసారి కూడా గొట్టంలో గడ్డకట్టలేదు. ఈ బావిని కూడా అలాగే ముగించి లాంచీ ఎక్కాలి. నాకు ఇంకో కోరిక లేదు.

పంపు కొట్టడానికి మూడు గంటలు పడుతుంది. నీ యంత్రంలో పాలు నాలుగు గంటలు జారుగా ఉండి, ఆ తర్వాత చిక్కబడితే నాకు చాలు. వచ్చే వారం కాదు, ఆ పై వారం శుక్రవారం గొట్టం అడుగుకు చేరుతుంది. ఆలోగా సరైన చీటీ రాకపోతే ఇంకో కంపెనీ మేస్త్రిని పిలిపిస్తానని రిగ్గు దొర ఇప్పటికే పళ్లు నూరుతున్నాడు.

కరపత్రాలు చదువుకో, తప్పు లేదు. ఒక కన్ను యంత్రం సూది మీద కూడా ఉంచు.

ఇట్లు,
డగోగో
సిమెంటు మేస్త్రి

*

ల్యాబు,
శుక్రవారం

శ్రామిక సోదరుడు డగోగో గారికి,

అభివందనాలు తర్వాత. ముందు కోపం.

మీ సిమెంటు, మీ నీళ్లు, వాటితోపాటు పాలు తొందరగా చిక్కబడకుండా మనం ఎప్పుడూ వేసే ఆలస్యం మందు కొలిచి కలిపాను. గిన్నెలో పోసి, బావి అడుగున ఎంత వేడి ఉంటుందో, ఎంత ఒత్తిడి ఉంటుందో అంతా పెట్టి యంత్రం నడిపించాను. లోపల తెడ్డు తిరుగుతుంది, పాలు చిక్కబడుతున్న కొద్దీ సూది లేస్తుంది. అదీ లెక్క. పొద్దున మొదలుపెట్టాను. మధ్యాహ్నం అయింది. సూది లేవలేదు. సాయంత్రం అయింది. సూది పడుకునే ఉంది.

"ఆంటీ, కరెంటు ఉందా?" అన్నాను.

"నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది కదరా."

"మరి సూది ఎందుకు లేవట్లేదు?"

"నన్నడుగుతావేం, దాన్ని అడుగు. నీలాగే పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో."

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. గిన్నె తీసి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. తాగేయొచ్చు. డగోగో గారూ, మీకు వచ్చింది సిమెంటు కాదు, సిమెంటు వేషం వేసుకున్న బూడిద. ఎక్కడో చలిదేశంలో పనికిరాని బూడిదని బస్తాలకెత్తి, ఆఫ్రికా వాళ్లకి ఇది చాలులే అని ఓడెక్కించారు. నాలుగో కరపత్రంలో సరిగ్గా ఇదే రాసి ఉంది, అక్కడ సబ్బు గురించి రాశారు, అంతే తేడా.

హెడ్డాఫీసుకు ఒక ఉత్తరం రాశాను. మెత్తగా రాయలేదు. మీరు మళ్లీ నమూనాలు పంపండి, దొంగ సిమెంటుకి సాక్ష్యం రెండుసార్లు ఉండాలి. క్యాను తిరిగి పంపుతున్నాను.

మండుతున్న గుండెతో,
కారిబో

తా.క.: క్యాను బాగా పనికొచ్చిందని రాశారు గాని, అందులో వచ్చినవాటి గురించి ఒక్క మాట కూడా రాయలేదు. తక్కువయ్యాయని చెప్పడానికి మొహమాటపడ్డారని ఆంటీ ఇబిసో అంటోంది. ఈసారి రెట్టింపు వేశాను.

*

రిగ్గు,
ఆదివారం, ప్రార్థన అయ్యాక

చిరంజీవి కారిబోకి,

ఆశీస్సులు. నీ కోపం అందింది.

సిమెంటు బూడిద కాదు. నువ్వు రాసింది చదివి, అదే సిమెంటు, మా ట్యాంకులో నీళ్లు కలిపి గుప్పెడు ముద్ద చేసి గట్టున పెట్టాను. మర్నాటికి రాయైంది. ఇప్పుడు ఎఫియొంగ్ దాంతోనే కొబ్బరికాయలు కొడుతున్నాడు. "నువ్వు చేసినవాటిలో వంటకి పనికొచ్చింది ఇదొక్కటే" అని మెచ్చుకున్నాడు కూడా.

కాబట్టి ముద్ద ఇక్కడ రాయై, అక్కడ పాలుగా ఉందంటే తేడా ఇక్కడిది కాదు. నువ్వు కొత్తవాడివి గనక అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. యంత్రం కింద వేడి వెలిగించావా? తెడ్డు గిన్నెలోనే ఉందా, లేక పక్కన బల్ల మీద ఉండిపోయిందా? నీ పనిలో నీకు ముందున్న కుర్రాడు ఒకసారి అలాగే చేసి, మధ్యాహ్నం దాకా సూదికి కాపలా కాశాడు.

నమూనాలు మళ్లీ పంపుతున్నాను. క్యాను చేరింది, సంతోషం. గొట్టం దిగుతూనే ఉంది. దొర రోజూ నా దగ్గరకొచ్చి, "చీటీ?" అంటాడు. నేను "వస్తోంది" అంటాను. మా ఇద్దరి మధ్య ఇప్పుడు మాటలు ఇవే.

ఇట్లు,
డగోగో
సిమెంటు మేస్త్రి

*

ల్యాబు,
మంగళవారం

డగోగో గారికి,

ఈసారి సోదరా అనే మాట కలం దాకా వచ్చి ఆగిపోయింది.

వేడి వెలిగించాను. తెడ్డు గిన్నెలోనే ఉంది. ఆ ప్రశ్న చూసి ఆంటీ ఇబిసో అరగంట నవ్వింది, ఆ నవ్వు బాకీ మీ ఖాతాలో ఉంది.

రెండో పరీక్ష మొదటిదానికన్నా ఘోరం. చిక్కబడటం అటుంచి, ఇంకా పలచనైనట్టు అనిపించింది. అప్పుడు నాకు వెలిగింది. క్యానులో మిగిలిన నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. తీపి!

చక్కెర, డగోగో గారూ. చక్కెర! సిమెంటుకు చక్కెర విషమని నాకు మీరు చెప్పక్కర్లేదు. రెండు గుప్పిళ్లు పడితే ఇక ఆ పాలు గట్టిపడే మాటే మరిచిపోవాలి. అంటే సిమెంటు మంచిదే. బూడిద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఎవడో మీ రిగ్గు మీదే ఉండి, మీ నీళ్లలో చక్కెర పోస్తున్నాడు. ఎవడు? రిగ్గు మీద చక్కెర బీరువా తాళం ఎవడి మొలకి వేలాడుతోందో వాడే. పేరు మీరే రాశారు: ఎఫియొంగ్. తల వంచని మనిషి అన్నారు. ఎంతకి అమ్ముడుపోయాడో కనుక్కోండి.

మీ ట్యాంకు నీళ్లలోనే తీపి ఉందని అనుకుని చీటీ ఇస్తున్నాను, ఇందులో పెట్టాను చూడండి: ఆలస్యం మందు ఒక్క చుక్క కూడా వేయవద్దు. దాని బదులు తొందరపెట్టే మందు రెండు బస్తాలు కలపండి. నకలు హెడ్డాఫీసుకు పంపాను. అందులో ఎఫియొంగ్ పేరు, అతన్ని పొగిడినందుకు మీ పేరు కూడా రాశాను. నాకు బంధుప్రీతి లేదు.

మూడో నమూనా కూడా పంపండి. నేరం జరుగుతున్నంత కాలం పరీక్ష ఆపను.

నిప్పులాంటి నిజాయితీతో,
కారిబో

తా.క.: ఒక సలహా. ఈ సమయంలో నేను పంపిన తీపి మీ గదిలో దొరికితే మిమ్మల్నే పట్టుకుంటారు. ఉన్నవన్నీ గబగబా టీలో వేసుకుని ఆనవాలు లేకుండా చేయండి. ఈసారి క్యానులో ఉప్పు పోశాను, పదకొండో కరపత్రాన్ని గరాటులా చుట్టి. ఉప్పు మీద ఎవరికీ అనుమానం రాదు.

*

రిగ్గు,
గురువారం

చిరంజీవి కారిబోకి,

ఆశీస్సులు. ఇక్కడ ఎవరం క్షేమంగా లేము.

హెడ్డాఫీసు వాళ్లు నీ నకలు దొరకి రేడియోలో చదివి వినిపించారు. దొర ఎఫియొంగ్‌ని పిలిచాడు. నన్ను కూడా నిలబెట్టాడు.

"చక్కెర ఎవరి దగ్గరుంటుంది?" అన్నాడు దొర.

"నా దగ్గర."

"సిమెంటు నీళ్లలో ఎందుకు పోశావు?"

ఎఫియొంగ్ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ఆ మనిషి తువ్వాలు భుజాన వేశాడంటే మాట్లాడేది మామూలుగా ఉండదు.

"నేనా? సిమెంటులో చక్కెరా? మా అమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్లకి కూడా టీలో రెండో బిళ్ల వేయనివాణ్ణి, ఈ ముసలోడి బురదలో పోస్తానా? సరే. ఇవాళ్టి నుంచి ఈ రిగ్గు మీద టీ లేదు. నీకు లేదు, వీడికి లేదు, ఆ ల్యాబు కుర్రాడు వస్తే వాడికీ లేదు, వాడి తాత లేచొచ్చినా లేదు."

వంటగది తలుపుకి అడ్డంగా బల్ల వేశాడు. అన్నం పెడుతున్నాడు, చేపలు పెడుతున్నాడు. టీ మాత్రం లేదు. నిన్న టీ దొరక్క దొర తన టోపీ తీసి కాలువలోకి విసిరాడు. తర్వాత తనే పడవ పంపి తెప్పించుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి విను. నువ్వు పంపిన చీటీ చూసి దొర, "ల్యాబు రాసింది కదా, అలాగే కానీ" అంటున్నాడు. కానీ గట్టున పెట్టిన ముద్ద మా ట్యాంకు నీళ్లతోనే రాయైంది. ఆ నీళ్లలో నువ్వన్నట్టు తొందరపెట్టే మందు రెండు బస్తాలు వేస్తే, పాలు సగం దారిలోనే గొట్టంలో రాయవుతాయి. ఆఖరి బావి అలా పోతుంది. నీ చీటీ పక్కన పెట్టి నా ఇష్టప్రకారం చేస్తే, ల్యాబు మాట కాదన్నందుకు పంపు తాళం నా చేతిలోంచి తీసుకుంటారు. అప్పుడూ ఆఖరి బావి పోతుంది. శుక్రవారానికి ఇంకెంతో లేదు.

ఎఫియొంగ్ చక్కెర పోశాడంటే నేను నమ్మను. నీ యంత్రం తప్పు చెబుతోందనే నా నమ్మకం. మూడో నమూనా పంపుతున్నాను. ఇందులో తీపి ఉంటే నా టోపీ కూడా కాలువలో వేస్తాను.

ఇట్లు,
డగోగో
సిమెంటు మేస్త్రి

*

ల్యాబు,
శనివారం

డగోగో గారికి,

ముందుగా, టీ సమ్మెకు నా సంపూర్ణ మద్దతు. దొర ముందు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడిన శ్రామికుణ్ణి నేను అనుమానించడం సిగ్గుచేటు. ఎఫియొంగ్‌కి నా పిడికిలి అభివందనం అందజేయండి. ఆయన మీద ఫిర్యాదు రాసిన మూర్ఖుడెవడో వాడికి వ్యతిరేకంగా నేను కూడా హెడ్డాఫీసుకు ఒక ఉత్తరం రాశాను. రాసి సంతకం పెట్టాక గాని గుర్తురాలేదు. అయినా పంపేశాను. న్యాయం న్యాయమే.

ఇక పరీక్ష. మీ టోపీ మీ దగ్గరే ఉంచుకోండి. తీపి లేదు. ఎందుకైనా మంచిదని ఈసారి ఆలస్యం మందు సగమే వేశాను. యంత్రం నడిపించి, ఆంటీ ఇబిసో తెచ్చిన అరటికాయ వేపుడు విప్పానో లేదో సూది లేచి నిలబడింది. తెడ్డు గిర్రున తిరిగేది కాస్తా మూలిగి ఆగిపోయింది. గిన్నె తెరిస్తే లోపల రాయి. తెడ్డుతో సహా రాయి. ఆంటీ ఇబిసో ఉలి, సుత్తి తెచ్చుకుని కూర్చుంది.

"ఒకరోజు తాగేలా వండుతావు, ఒకరోజు పళ్లూడేలా వండుతావు. నిన్ను చేసుకోబోయే పిల్ల ఎవరో గాని ఇప్పుడే ప్రార్థన మొదలుపెట్టమను."

"ఆంటీ, ఇది వంట కాదు, కుట్ర."

"కుట్రయితే నువ్వే కొట్టు, ఇదిగో సుత్తి."

నీళ్లు నాలుకకు రాసుకున్నాను. ఉప్పు! కాసింత ఉప్పు పడితే సిమెంటు తొందరపడుతుందని మీకు తెలుసు. ఇప్పుడు మొత్తం అర్థమైంది. మీ రిగ్గు మీద ఉన్నది ఒక దొంగ కాదు, రెండు ముఠాలు. ఒకటి చక్కెర ముఠా, ఒకటి ఉప్పు ముఠా. రెండు పెద్ద దేశాలు మన బావి కోసం కొట్టుకుంటున్నాయి. ఒకరు పలచన చేస్తారు, ఇంకొకరు గట్టి చేస్తారు, మధ్యలో నలిగేది మనం. తొమ్మిదో కరపత్రంలో పటం కూడా వేసి చూపించారు.

పాత చీటీ చింపేయండి. కొత్త చీటీ: ఆలస్యం మందు రెట్టింపు. ఈ రెండు ముఠాలూ తన కళ్లముందే తిరుగుతున్నా కనిపెట్టలేని మేస్త్రి ఆఖరి బావి దాకా ఆగకుండా ఇప్పుడే తప్పుకోవాలని హెడ్డాఫీసుకు రాశాను. మీ మీద నాకు ద్వేషం లేదు. చరిత్రకు మొహమాటం ఉండదు, అంతే.

ఇంకొక్క నమూనా పంపండి. ఈసారి క్యాను ఎవరి చేతికీ ఇవ్వకండి, మీరే స్వయంగా నింపండి.

అలుపెరగని,
కారిబో

తా.క.: మూడుసార్లు పంపినా ఒక్క ధన్యవాదం రాయని మనిషిని మిమ్మల్నే చూశాను. అయినా మా అమ్మ పెంపకం మీ కోసం మార్చుకోలేను. తీపి నచ్చలేదు, ఉప్పు నచ్చలేదు. ఈసారి ఎండు రొయ్యలు. అమ్మ స్వయంగా ఎండబెట్టినవి. మూతిలో ఇరుక్కోకుండా తల ముందుండేలా ఒక్కొక్కటే దించాను.

*

రిగ్గు,
సోమవారం

చిరంజీవి కారిబోకి,

ఆశీస్సులు. ఉత్తరం చిన్నది, లాంచీ ఆగి ఉంది.

నువ్వు చెప్పినట్టే క్యాను ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేనే ట్యాంకు దగ్గర కూర్చుని నీళ్ల గొట్టం పెట్టాను. నిండుతూ వచ్చింది. నిండగానే మూతిలోంచి ఒక రొయ్య తల బయటపెట్టి నా వైపు చూసింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత బారులు తీరి అన్నీ పైకొచ్చాయి.

ఎఫియొంగ్ వంటగది కిటికీలోంచి చూసి, "ఏం ముసలోడా, ఈ కాలువలో రొయ్యలు ఎండిపోయే పుడుతున్నాయా?" అన్నాడు.

క్యాను బోర్లించాను. రొయ్యలతోపాటు తడిసి ముద్దైన కాగితం ముక్క పడింది. "శ్రామికుడా, మేల్కో" అన్నంత వరకు అచ్చు కనిపిస్తోంది. అప్పుడు గదికి వెళ్లి నీ ఉత్తరాలన్నీ తీసి, సంతకాల కింద ఏముందో చదివాను. కాదు, చదవలేకపోయాను. ఎఫియొంగ్ లాక్కుని అందరికీ వినిపించాడు. టీలో వేసుకుని ఆనవాలు లేకుండా చేయమన్న చోట డెక్కు మీద కూలబడ్డాడు. దొర కూడా నవ్వాడట, నేను చూడలేదు.

సంతకం కింద చదివే అలవాటు నాకు లేదు కారిబో. ఇన్నేళ్లూ నేను చదివినవన్నీ ఆర్డరు కాగితాలు. వాటిలో సంతకం కింద ఉండేది అచ్చేసినవాడి పేరు. నువ్వు అక్కడ కాపురం పెట్టావని నాకేం తెలుసు? క్యాను లోపల చూడకుండా గొట్టం పెట్టించింది కూడా నేనే. ఇంత మోతలో అందులో ఏదో గలగలమందని ఎవడికి వినపడుతుంది?

ఆ క్యాను ఇక నేను ముట్టను. ఎఫియొంగ్ తన టీ కెటిల్ మరిగించి కడిగి ఇచ్చాడు. అందులో ట్యాంకు నీళ్లు పోసి, మూతికీ కొమ్ముకీ పిండి ముద్ద అంటించి పంపుతున్నాను. మామూలు మందే మామూలుగా వేసి పరీక్ష చెయ్యి. శుక్రవారం గొట్టం అడుగుకు చేరుతుంది. బుధవారం లాంచీలో చీటీ రాకపోతే గురువారం లాంచీలో ఇంకో మేస్త్రి వస్తాడు.

టీ సమ్మె ముగిసింది. కెటిల్ నీ దగ్గర ఉంది గనక టీ ఇంకా లేదు. ఆలోచించుకో, రిగ్గు మొత్తం నీ మీద ఆధారపడి ఉంది.

ఇట్లు,
డగోగో
సిమెంటు మేస్త్రి

*

ల్యాబు,
బుధవారం

పెద్దలు డగోగో గారికి,

చీటీ ఇదిగో, పైనే పెట్టాను. కెటిల్ నీళ్లతో, మామూలు మందుతో చేశాను. సూది నాలుగు గంటలు కదలకుండా పడుకుని, ఆ తర్వాత బద్ధకంగా లేచి, కాసేపట్లోనే నిటారుగా నిలబడింది. మీరు అడిగింది ఇదే. కెటిల్ అడుగున మిగిలిన నీళ్లు నాలుకకు రాసుకున్నాను. ఏ రుచీ లేదు. జీవితంలో ఇంత కమ్మనిది తినలేదు.

జరిగినదాని మీద లోతుగా ఆలోచించాను. తప్పు నాదని తేలికగా అనేయొచ్చు. కానీ అసలు తప్పు ఖాళీ పాత్ర పంపకూడదనే పాతకాలపు మర్యాదది. ఈ మాట ఇంట్లో అంటే మా అమ్మ గరిటె తీసుకుని వెంటపడింది. ఆ పోరాటం ఇంకా సాగుతోంది.

హెడ్డాఫీసుకు రాసినవన్నీ వెనక్కి తీసుకుంటున్నానని ఇంకో ఉత్తరం రాశాను. అన్నీ ఒకే గుమాస్తా ఒకే దస్త్రంలో పెడతాడట. బూడిద సిమెంటు, చక్కెర ముఠా, ఎఫియొంగ్ మీద ఫిర్యాదు, ఆ ఫిర్యాదు మీద ఫిర్యాదు, మీరు తప్పుకోవాలన్న డిమాండు, అన్నీ వరసగా చదివి నన్ను ఉంచుతారని నేను అనుకోవడం లేదు. ఈస్టరు దాకా కూడా ఆగరేమో. పెట్టె సర్దుకున్నాను. కరపత్రాలకే సగం పట్టింది.

మీరు ఎలాగూ దిగిపోతున్నారు గనక చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఈ ల్యాబు ఖాళీ కుర్చీలో మీలాంటి మనిషి కూర్చుని ఉంటే, పదకొండో కరపత్రాన్ని పక్కన పెట్టి "అయ్యా" అని పిలిచేవాణ్ణి. శుక్రవారం మీ సిమెంటు నిలవాలి. నాకు ఇప్పుడు అదొక్కటే కావాలి.

తలవంచిన (ఈ ఒక్కసారికే),
కారిబో

తా.క.: కెటిల్ ఖాళీ. కొమ్ములోంచి కూడా ఊది చూశాను. ఆంటీ ఇబిసో రెండు జీడిపప్పులైనా వేయమని పోరింది. నేను లొంగలేదు.

*

రిగ్గు,
ఆదివారం, ప్రార్థన అయ్యాక

చిరంజీవి కారిబోకి,

ఆశీస్సులు. శుక్రవారం నీ చీటీ ప్రకారం పాలు ఎక్కించాను. అన్నీ గొట్టం దాటి బయటికి వెళ్లి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, అక్కడే గట్టిపడ్డాయి. దొర "బాగుంది" అన్నాడు. ఇన్నాళ్లకి "చీటీ" కాని మాట విన్నాను. ఎఫియొంగ్ నాకు టీ పోసి, చేతులు కడుక్కున్నానో లేదో అడగలేదు. అదీ వీడ్కోలు.

హెడ్డాఫీసు నుంచి నాకు కాగితం వచ్చింది. నీ ఉత్తరాలన్నీ కలిపి కుట్టి, పైన ఇలా రాశారు: "ఈ విషయాన్ని విచారించి, సదరు కుర్రవాణ్ణి ఉంచాలో పంపాలో తేల్చే పని ల్యాబు కొత్త పెద్దకు అప్పగించడమైనది."

కొత్త పెద్ద ఎవరో నీకు ఇంకా చెప్పినట్టు లేరు. నేనే.

రిగ్గు మీద ఆఖరి బావి అని రాశాను, ఉద్యోగం ఆఖరని రాయలేదు. మోకాళ్లు నిచ్చెన ఎక్కనన్నాయి గాని, కుర్చీ ఎక్కడానికి వాటికి అభ్యంతరం లేదు. కూర్చున్న రోజే యుద్ధం అన్నావు. వస్తున్నాను, సిద్ధంగా ఉండు.

విచారణ లాంచీ కోసం చూస్తూ ఇక్కడే ముగించాను. కుర్రవాడు పరీక్ష చేయకుండా ఒక్క చీటీ కూడా ఇవ్వలేదు. సూది ఏం చెప్పిందో అదే రాశాడు, తనకు నచ్చింది రాయలేదు. క్యానులో ఏముందో క్యాను నింపే మేస్త్రి చూసుకోవాలి, ఆయన చూసుకోలేదు, ఆయన్ని రిగ్గు మీద నుంచి దించేశారు. కాబట్టి న్యాయం జరిగింది. కుర్రవాణ్ణి ఉంచాలి. పెట్టె విప్పెయ్.

"అయ్యా" అని పిలుస్తానన్న ఉత్తరం నా చొక్కా జేబులో భద్రంగా ఉంది. అది సంతకానికి పైనే రాశావు గనక నేను చదివాను.

ఇట్లు,
డగోగో
సిమెంటు మేస్త్రి (రేపటి దాకా)

తా.క.: సంతకం కింద రాయడం నాకు ఇదే మొదటిసారి, ఇక్కడ చోటు బాగానే ఉంది. రేపు సాయంత్రం రేవుకి వచ్చి నా పెట్టె అందుకో. నాకు చక్కెర జబ్బు. ఉప్పు డాక్టరు మానెయ్యమన్నాడు. రొయ్య తింటే ఒళ్లంతా దద్దుర్లు. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పి, ఈ ఒక్కసారికి ఖాళీ చేతులతో రా.